ఓడ మీద స్విమ్మింగ్ పూల్‌లో ఉప్పునీళ్లా, మంచినీళ్లా?

మీరు అడిగింది ఇదీ: డిసెంబర్‌లో ఫ్లోరిడా నుంచి కరీబియన్ క్రూజ్‌కి వెళ్తున్నారు, వెంట నాలుగేళ్ల బాబు, ఎగ్జిమా ఉన్న అత్తగారు వస్తున్నారు. వాట్సాప్ గ్రూపులో ఒకరు "ఓడల్లో ఉండేవన్నీ ఉప్పునీళ్ల పూల్సే, క్లోరిన్ ఉండదు, చర్మానికి మంచిది" అన్నారు. ఇంకొకరు "రేవులో ఉన్న మురికినీళ్లే తోడి పోస్తారు, అసలు దిగొద్దు" అన్నారు. ఇందులో ఏది నమ్మాలి?

రెండూ నమ్మొద్దు. నేను ప్యాసింజర్ ఓడల్లో హోటల్ ఇంజినీరింగ్ వైపు పనిచేశాను. అంటే ఇంజిన్ కాకుండా ఏసీలు, కిచెన్ సామాన్లు, పూల్ పంపులు, జకూజీలు (బుడగలొచ్చే వేడినీళ్ల తొట్లు) చూసుకునే విభాగం. ఉప్పునీళ్లా మంచినీళ్లా అని అందరూ అడుగుతారు కానీ, పూల్ పంపులు చూసేవాడికి ముందుగా కావలసింది అది కాదు. ఆ నీళ్లు ఒకసారి వచ్చి పోతున్నాయా, లేక అవే నీళ్లు తిరుగుతున్నాయా? తిరుగుతుంటే వాటిలో క్రిముల్ని చంపే మందు సరిపడా ఉందా? మీరు తెలుసుకోవలసింది కూడా ఇదే.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. అమెరికాలో ఇళ్ల వెనకాల, హోటళ్లలో 'సాల్ట్ వాటర్ పూల్' అని ఉంటుంది చూడండి, అది సముద్రపు నీళ్ల పూల్ కాదు. మంచినీళ్లలో లీటరుకు 3 నుంచి 4 గ్రాముల ఉప్పు కలిపి, ఆ ఉప్పు నుంచి కరెంటుతో అక్కడికక్కడే క్లోరిన్ తయారు చేసే ఏర్పాటు. అందులోనూ క్లోరిన్ ఉంటుంది, డబ్బాలోంచి పోయరు, అంతే తేడా. ఓడ మీద ఉప్పునీళ్ల పూల్ అంటే నిజంగా సముద్రంలోంచి తోడిన నీళ్లే. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. మధ్యధరా సముద్రంలో 38 దాకా, ఎర్ర సముద్రంలో 40 దాకా ఉంటుంది. ఇంటి పూల్‌తో పోలిస్తే పదింతలు. "మా ఫ్రెండ్ వాళ్లింట్లో సాల్ట్ పూల్‌లో దిగితే కళ్లు మండలేదు, ఓడలోనూ మండవు" అనుకుని వెళ్లేవాళ్లు మొదటి మునకకే కళ్లు నలుపుకుంటూ బయటికి వస్తారు.

ఇక ఓడలోకి వద్దాం. సముద్రపు నీళ్లతో పూల్ నడపడానికి రెండు పద్ధతులున్నాయి.

పాత పద్ధతిలో ఓడ అడుగుభాగంలో సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే సీ చెస్ట్ అనే గది నుంచి పంపుతో నీళ్లు తోడి పూల్‌లోకి పంపుతారు. ఒకవైపు కొత్త నీళ్లు వస్తుంటాయి, మరోవైపు అంచు మీదుగా పొర్లి తిరిగి సముద్రంలోకి పోతుంటాయి. దీన్ని మేం ఫ్లో త్రూ అంటాం. ఇలా నడిచేటప్పుడు నీళ్లలో క్లోరిన్ కలపరు. మీ గ్రూపులో మొదటి పెద్దమనిషి చెప్పిన మాటకు మూలం ఇదే అయుండాలి. నడిసముద్రంలో శుభ్రమైన నీళ్లు ఆగకుండా మారుతుంటే మందు అవసరం లేదన్నది దీని వెనకున్న లెక్క.

కానీ దీనికి గట్టి షరతు ఉంది. అమెరికా రేవులకు వచ్చే ప్యాసింజర్ ఓడల శుభ్రతను అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల వెసెల్ శానిటేషన్ ప్రోగ్రామ్ చూస్తుంది. 1970ల నుంచి నడుస్తోంది. ఓడల్లో అందరూ దాన్ని వీఎస్‌పీ అంటారు. వీఎస్‌పీ వాళ్లు చెప్పకుండా ఎక్కుతారు, ఎక్కారన్న కబురు రాగానే కిచెన్ నుంచి పూల్ డెక్ దాకా అందరికీ టెన్షన్ మొదలవుతుంది. వాళ్ల నిబంధన ప్రకారం ఫ్లో త్రూ పద్ధతి వాడాలంటే ఓడ కదులుతూ ఉండాలి, తీరం నుంచి 12 మైళ్లు దాటి ఉండాలి. రేవుకి దగ్గరవుతున్నప్పుడు రెండే దారులు: పూల్ ఖాళీ చేసి మూసేయడం, లేదా కవాటాలు తిప్పి, అవే నీళ్లు ఫిల్టర్ గుండా తిరిగేలా చేసి క్లోరిన్ కలపడం. క్లోరిన్ కావలసిన మోతాదుకు వచ్చేదాకా ఎవర్నీ దిగనివ్వకూడదు.

కాబట్టి మీ గ్రూపులో రెండో వ్యక్తి భయపడ్డట్టు రేవులో నీళ్లు తోడి పూల్‌లో పోయడం నిబంధనలు ఒప్పుకోవు. తాగేనీళ్ల తయారీకి కూడా ఇలాంటి నిషేధమే ఉంది. రేవులో ఆగి ఉన్నప్పుడు, కలుషితమైన చోట్ల సముద్రపు నీళ్లను మంచినీళ్లుగా మార్చే ప్లాంట్లు ఆపేస్తారు.

రెండో పద్ధతి ఇప్పుడు ఎక్కువగా కనిపించేది. ఒకసారి నింపిన నీళ్లనే పంపు, వెంట్రుకలు పట్టే జల్లెడ, శాండ్ ఫిల్టర్, హీటర్ గుండా తిప్పుతూ, యంత్రంతో క్లోరిన్, యాసిడ్ కొలిచి కలుపుతారు. నీళ్లు సముద్రానివైనా, మంచినీళ్లైనా ఈ పద్ధతిలో మందు తప్పదు. పూల్‌లో క్లోరిన్ 1 నుంచి 5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య, జకూజీలో 3 నుంచి 10 మధ్య, నీళ్ల ఆమ్లగుణాన్ని చెప్పే పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య ఉండాలి. కరీబియన్ రూట్‌లో ఓడ దాదాపు రోజూ ఏదో ఒక దీవిలో ఆగుతుంది. 12 మైళ్ల లోపల ఉన్నంతసేపూ ఫ్లో త్రూ కుదరదు కాబట్టి, ఆ రూట్‌లో మీరు దిగే పూల్ ఇలా తిరిగే నీళ్లదే అయుంటుంది, క్లోరిన్ ఉంటుంది అనుకునే బయల్దేరండి.

ఇక్కడ ఒక కెమిస్ట్రీ సంగతి చెప్పాలి. పూల్స్ గురించి బాగా తెలిసినవాళ్లు కూడా దీన్ని పట్టించుకోరు. సముద్రపు నీళ్లలో లీటరుకు 65 మిల్లీగ్రాముల చొప్పున బ్రోమైడ్ ఉంటుంది. అందులో క్లోరిన్ పోయగానే, అది ఆ బ్రోమైడ్‌తో కలిసి క్షణాల్లో బ్రోమిన్‌గా మారిపోతుంది. అంటే ఉప్పునీళ్ల పూల్‌లో మనం పోసేది క్లోరిన్, క్రిముల్ని చంపేది బ్రోమిన్. టెస్ట్ కిట్‌లో గులాబీ రంగు రెంటికీ ఒకేలా వస్తుంది కాబట్టి రంగు చూసి తేడా పట్టలేం.

ఇది ఒక రకంగా మంచిదే. సముద్రపు నీళ్ల పీహెచ్ సహజంగానే 8 దాటి ఉంటుంది. పీహెచ్ 8 దగ్గర క్లోరిన్‌లో గట్టిగా పనిచేసే భాగం సుమారు నాలుగో వంతే. అదే పీహెచ్‌లో బ్రోమిన్ అయితే 80 శాతం దాకా పనిచేసే రూపంలోనే ఉంటుంది. పైగా చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు క్లోరిన్ ఇచ్చేంత ఘాటు వాసన బ్రోమిన్ ఇవ్వదు. "ఉప్పునీళ్ల పూల్‌లో మందు వాసనే లేదు, అంతా సహజం" అని ప్రయాణికులు మెచ్చుకునేది దీన్ని చూసే. మందు ఉంది, వాసన లేదు. ఇంటి దగ్గర పూల్స్‌లో ముక్కు మండే వాసన వస్తే "క్లోరిన్ ఎక్కువేశారు" అంటాం కానీ, చాలాసార్లు అది క్లోరిన్ చాలక, చెమటా మూత్రమూ పేరుకున్నందుకు వచ్చే వాసన.

చిక్కేమిటంటే ఎండకు బ్రోమిన్ తొందరగా విరిగిపోతుంది. క్లోరిన్‌ని ఎండ నుంచి కాపాడే సయన్యూరిక్ యాసిడ్ బ్రోమిన్‌కి పనికిరాదు. మధ్యాహ్నం ఎండలో, పూల్ నిండా జనం ఉన్నప్పుడు, పై డెక్‌లో ఉప్పునీళ్ల పూల్‌ని మోతాదులో నిలబెట్టడం పూల్ టెక్నీషియన్‌కి నరకం. మధ్యమధ్యలో "పూల్ క్లోజ్‌డ్" బోర్డు పెట్టి వల కట్టేస్తే తిట్టుకోకండి. రీడింగ్ పడిపోయిందని మూసేసే ఓడ, మూయకుండా నెట్టుకొచ్చే ఓడ కన్నా నయం.

మరి సముద్రం మధ్యలో ఉండి మంచినీళ్లెందుకు వాడుతున్నారు? ఒకప్పుడు వాడేవాళ్లు కాదు. 1912లో మునిగిన టైటానిక్‌లో కూడా ఈత కొలను ఉండేది, అందులోవి వేడిచేసిన సముద్రపు నీళ్లే. అప్పట్లో ఓడలో మంచినీళ్లంటే రేవులో నింపుకున్నవి ప్రాణంగా చూసుకోవాల్సిందే. ఇప్పుడు పెద్ద ఓడలు సముద్రపు నీళ్లనే రోజూ మంచినీళ్లుగా మార్చుకుంటాయి. ఇంజిన్ వేడితో ఆవిరి చేసి చల్లార్చేవి కొన్ని, మన ఇళ్లలో ఆర్‌ఓ లాంటివే కానీ భారీగా ఉండేవి కొన్ని. ఆర్‌ఓతో వెయ్యి లీటర్ల సముద్రపు నీళ్లని మార్చాలంటే 3 నుంచి 5 యూనిట్ల కరెంటు చాలు. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతున్న పూల్‌కి 75 వేల లీటర్లు పడతాయి. అంటే నింపడానికి ఎక్కువలో ఎక్కువ 400 యూనిట్ల లోపే. అంత పెద్ద ఓడ కరెంటు వాడకంలో ఇదో లెక్క కాదు.

ఉప్పు చేసే నష్టంతో పోలిస్తే అసలే కాదు. క్లోరైడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌ని కూడా వదలదు, సన్నటి గుంటలు పెట్టి లోపల్నుంచి తినేస్తుంది. ఉప్పునీళ్లకి హీట్ ఎక్స్చేంజర్లు టైటానియంతోనో, రాగి నికెల్ మిశ్రమంతోనో చేయించాలి, పైపులు ప్లాస్టిక్‌వో ఫైబర్‌వో వేయాలి. నిచ్చెనలు, లైట్లు, బోల్టులు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తుప్పే. దీనికి తోడు ఇప్పటి ఓడల్లో పూల్ ఒక్కటే కాదు, వాటర్ స్లైడ్లు, పిల్లల వాటర్ పార్కులు ఉంటున్నాయి. 2024 జనవరిలో మొదలైన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే క్రూజ్ ఓడలో 7 పూల్స్, 9 జకూజీలు, 6 స్లైడ్లు ఉన్నాయి. ఇలాంటి చోట్ల నాజిల్స్‌లోంచి ఉప్పునీళ్లు చిమ్మితే గాలికి ఎగిరి, ఆరిపోయి, అద్దాల మీదా రెయిలింగ్స్ మీదా తెల్లటి పొర కడుతుంది. దాన్ని కడగడానికి మళ్లీ మంచినీళ్లే కావాలి. అందుకే కొత్త ఓడలు మంచినీళ్ల వైపు మళ్లుతున్నాయి. ప్రయాణికుల చర్మం మీద ప్రేమతో మారారని ఎవరైనా బ్రోచర్‌లో రాస్తే నేను నవ్వుకుంటాను.

పూల్ చిన్నగా ఎందుకుంటుందని కూడా చాలామంది అడుగుతారు. పైన చెప్పిన పూల్‌లో మంచినీళ్లైతే 75 టన్నులు, సముద్రపు నీళ్లైతే దాదాపు 77. ఆ బరువంతా ఓడ పైభాగంలో ఉంటుంది. ఓడ ఒరిగినప్పుడు నీళ్లు కూడా అటే పరిగెత్తి ఒరుగుడుని పెంచుతాయి. పళ్లెంలో సాంబారు పట్టుకుని నడిచి చూడండి, అర్థమవుతుంది. వాతావరణం బాగోలేనప్పుడు పూల్ ఖాళీ చేసేది, కనీసం వల కట్టి మూసేది అందుకే.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. నేను డాక్టర్ని కాదు, కాబట్టి చర్మం విషయం ఆవిడ డాక్టర్‌నే అడగండి. నీళ్ల సంగతి మాత్రం చెప్పగలను. మన కన్నీళ్లలో ఉప్పు లీటరుకు 9 గ్రాములు, సముద్రపు నీళ్లలో దానికి నాలుగింతలు. ఆ తేడాకే కళ్లు మండుతాయి, చర్మం మీద పగుళ్లుంటే అక్కడా చురుక్కుమంటుంది. మంచినీళ్ల పూల్‌లో ఆ మంట ఉండదు కానీ క్లోరిన్‌కి చర్మం పొడిబారుతుంది. ఉప్పునీళ్ల పూల్‌లో బ్రోమిన్ ఉంటుందని పైన చెప్పాను, కొందరి చర్మానికి అదీ పడదు. కాబట్టి "ఉప్పునీళ్లు కాబట్టి మందులు లేవు" అన్న ధైర్యంతో మాత్రం ఆవిణ్ణి దింపకండి. దిగితే కాసేపే దిగమనండి, బయటికి రాగానే మంచినీళ్లతో స్నానం చేయమనండి. ఉప్పు ఒంటి మీద ఆరితే దురద ఖాయం. ఒంటి మీద మానని పుండ్లుంటే మాత్రం ఏ పూల్‌లోనూ దిగొద్దు, అది ఆవిడకీ మంచిది కాదు, పక్కవాళ్లకీ మంచిది కాదు.

జకూజీ గురించి ఇంకాస్త గట్టిగా చెప్తాను. అక్కడ నీళ్లు వేడిగా ఉంటాయి, 40 డిగ్రీలు మించకూడదని నిబంధన. ఆ వేడికి క్లోరిన్ తొందరగా ఖర్చవుతుంది, బుడగలతో లేచే తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1994లో హొరైజన్ అనే క్రూజ్ ఓడలో లీజియొనైర్స్ జబ్బు (బాక్టీరియా వల్ల వచ్చే ఒక రకం న్యుమోనియా) 50 మంది ప్రయాణికులకు సోకింది. విచారణలో జకూజీ వైపే వేలు చూపించారు, దాని శాండ్ ఫిల్టర్‌లో ఆ బాక్టీరియా దొరికింది. ఇప్పుడు జకూజీకి రోజూ రాత్రి మూసేశాక క్లోరిన్ 10 పీపీఎంకి పెంచి గంటసేపు ఉంచాలి. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు, గర్భిణులు దాన్ని వదిలేస్తే మంచిది. అత్తగారు ఓడ ఎక్కగానే మోకాళ్ల నొప్పులకి బాగుంటుందని ముందు అందులోకే వెళ్తారు, గమనించుకోండి.

బాబు విషయంలో నీళ్ల రకం కన్నా ముఖ్యమైనవి రెండున్నాయి. డైపర్ వేసుకునే పిల్లల్ని, స్విమ్ డైపర్ వేసినా సరే, మామూలు పూల్‌లోకి రానివ్వరు. వాళ్ల కోసం విడిగా కట్టిన చోటుంటే అక్కడికే. నాలుగేళ్లంటే మీవాడికి ఆ అవసరం ఉండదనుకుంటాను. పూల్‌లో ఎవరైనా మలవిసర్జన చేస్తే పూల్ మూసి, మందు మోతాదు పెంచి, లెక్క ప్రకారం ఆగి, తర్వాతే తెరుస్తారు. ఆ రోజు డెక్ మీద అందరి మొహాలూ చూడాలి.

రెండోది కాపలా. అన్ని ఓడల్లోనూ లైఫ్‌గార్డ్ ఉండడు. రాయల్ కరేబియన్, నార్వేజియన్ కంపెనీలు లైఫ్‌గార్డ్‌లను పెట్టుకుంటామని ప్రకటించింది 2017లో. డిస్నీ ఓడల్లో అంతకుముందు నుంచే ఉన్నారు. చాలాచోట్ల ఇప్పటికీ "లైఫ్‌గార్డ్ లేడు" అన్న బోర్డే ఉంటుంది. ఉప్పునీళ్లలో మనిషి కాస్త తేలిగ్గా తేలతాడన్నది నిజమే, కానీ సముద్రపు నీళ్లు మంచినీళ్ల కన్నా బరువైనది రెండున్నర శాతమే. దాన్ని నమ్ముకుని పిల్లవాణ్ణి వదలకూడదు. ఉప్పునీళ్లు మింగితే వాంతి చేసుకుంటారు, ఓడ ఊగుడు దానికి తోడవుతుంది. చేతికి అందేంత దూరంలో మీరే ఉండాలి, ఫోన్ చూస్తూ కుర్చీలో కూర్చుని కాదు.

మనవాళ్లకి మాత్రమే చెప్పాల్సిన మాటొకటి. తలకి కొబ్బరినూనె పట్టించి పూల్‌లో దిగకండి. ఆ నూనె నీళ్ల అంచున టైల్స్ మీద జిడ్డుగా పేరుకుంటుంది, ఫిల్టర్‌లో ఇసుకని ముద్ద చేస్తుంది, క్లోరిన్‌ని తినేస్తుంది. పెద్దావిడలు కాటన్ చుడీదార్‌తో దిగితే నూలు పోగులన్నీ పోయి జల్లెడలో చేరతాయి. పూర్తిగా ఒళ్లు కప్పే ఈత దుస్తులు ఇప్పుడు మామూలు దుకాణాల్లోనే దొరుకుతున్నాయి, నైలాన్‌వి, పాలిస్టర్‌వి. అవి కొనండి, ఆవిడకీ సౌకర్యంగా ఉంటుంది, పూల్ అటెండెంట్ వచ్చి అడిగే ఇబ్బందీ ఉండదు. దిగేముందు ఒకసారి షవర్ కింద నిలబడితే చాలా సమస్యలు అక్కడే తీరిపోతాయి.

మన దేశంలో క్రూజ్ ఎక్కేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ ఓడ ఎంప్రెస్ 2022లో విశాఖపట్నం వచ్చింది, 2023లో అక్కడ క్రూజ్ టెర్మినల్ కూడా మొదలైంది. ఆ ఓడ 1990లో కట్టింది, ఒకప్పుడు రాయల్ కరేబియన్‌ది. పాత ఓడ కాబట్టి ఇప్పుడొచ్చే వాటర్ పార్క్ ఓడల్లాంటి పూల్స్ ఊహించుకుని ఎక్కకండి. అమెరికా రేవులకు వెళ్లని ఓడల మీద సీడీసీ తనిఖీ ఉండదు. యూరప్ తిరిగే ఓడలకి శుభ్రత కోసం అక్కడి షిప్‌శాన్ అనే మార్గదర్శకాలుంటాయి. ఇవేవీ వర్తించని చోట మీరే నోరు తెరిచి అడగాలి.

ఏం అడగాలంటే, గెస్ట్ సర్వీసెస్ కౌంటర్లో "మీది సాల్ట్ వాటరా" అని అడిగితే సగం మందికి తెలియదు, ఏదో ఒకటి చెప్పేస్తారు. పూల్ అటెండెంట్‌ని పట్టుకుని "ఇవాళ నీళ్లు తిరుగుతున్నాయా, సముద్రంలోంచి వస్తున్నాయా? ఆఖరుసారి క్లోరిన్ ఎప్పుడు చూశారు, ఎంత వచ్చింది?" అని అడగండి. నవ్వుతూ అంకె చెప్పాడంటే ఆ పూల్‌ని చూసేవాడు ఉన్నాడని అర్థం. చెప్పలేకపోతే ఇంజినీర్‌ని కనుక్కోమనండి, లాగ్ బుక్‌లో రాసి ఉంటుంది. నీళ్లు మసకగా ఉండి అడుగున టైల్స్ కనపడకపోతే మాత్రం ఎవర్నీ అడక్కుండా వెనక్కి వచ్చేయండి.

టికెట్ కొనకముందే చూడగలిగింది కూడా ఒకటుంది. వీఎస్‌పీ తనిఖీ ఫలితాలు సీడీసీ వెబ్‌సైట్‌లో ఓడ పేరుతో దొరుకుతాయి, ఎవరైనా చదవచ్చు. 100కి 86 వస్తే పాస్, 85 అయినా ఫెయిలే. కానీ మార్కు ఒక్కటే చూసి మూసేయకండి, లోపల తప్పులన్నీ విడివిడిగా రాసి ఉంటాయి. వాటిలో పూల్స్, జకూజీల గురించి ఏం రాశారో వెతకండి. 95 వచ్చిన ఓడలో పోయిన మార్కులన్నీ పూల్ వల్లే పోయి ఉండొచ్చు, 88 వచ్చిన ఓడలో అంతా కిచెన్ గొడవే అయుండొచ్చు. మీ ఓడ పేరు ఇక్కడ రాస్తే దాని రిపోర్టు తీసి, అందులో పూల్ గురించి రాసిందాన్ని నేను విడమర్చి చెప్తాను.